కనుమనాటి బండపందెము, స్టాకుకార్ల ముచ్చట

"సున్నపుబట్టీలును తెల్లదుమ్మును తప్ప మీ యూర చూడదగిన దేమున్నదే?" అని మా పుట్టింటివారు నన్నెప్పుడును ఎత్తిపొడుచుచుందురు. వారి మాట పూర్తిగా అబద్ధము కాదు. నరసరావుపేట ముఖ్యపట్టణముగా 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఏర్పడిన పల్నాడు జిల్లాలో మా పిడుగురాళ్ల సున్నమునకు పేరుపడిన పట్టణము. భూమిలోపల సున్నపురాయి, భూమిపైన సున్నపుబట్టీ. గాలి మా వీధివైపు తిరిగినచో పెరటిలోని తులసికోట మరల వెల్ల వేసినట్లగును. ఆరవేసిన చీరను దులుపక మడచుటకు వీలులేదు. ఊరిపేరు విని క్రొత్తవారు భయపడుదురు గాని, ఇక్కడ కాపురమునకు వచ్చిన పండ్రెండేండ్లలో నేను చూచినవి రాళ్లే, పిడుగులు తక్కువ.

మొన్నటి సంక్రాంతికి మా తమ్ముడును మరదలును అమెరికానుండి వచ్చిరి. వారుండునది ఉత్తర కరోలినా రాష్ట్రమందలి షార్లెట్టు నగరము. అక్కడ మన తెలుగువారు చాలమంది కలరు. తమ్మునకు కార్ల పందెములపై వెర్రి. "ఆదివారం వచ్చిందంటే టీవీ ముందునుంచి లేవరు వదినా, గిన్నె కడగమన్నా గిరగిర తిరిగే కార్లే చూపిస్తారు" అని మరదలు నాకు మొదటిరోజుననే ఫిర్యాదు చేసినది. మావారు బడిపంతులు, వారికిని కార్ల పందెములు ఇష్టమే గాని, వారు చూచునది ఫార్ములా వన్ అను పందెము. ఇంక చెప్పవలెనా? కనుమనాడు గారెల విస్తళ్ల ముందు బావయు బావమరదియు వాదమునకు దిగిరి. ఏ పందెమునకు జనాదరణ హెచ్చు? ఎందుచేత హెచ్చు?

వినవిన నాకును కుతూహలము కలిగినది. సోదరీమణులలో చాలమందికి ఈ పందెముల భేదము తెలియకపోవచ్చును గనుక నాకు బోధపడినంతవరకు చెప్పెదను. ఫార్ములా వన్ కారు పందెమునకే పుట్టినది. చక్రములు బయటకు కనబడుచుండును, ఒక్కడే కూర్చుండుటకు చోటు, బరువు దాదాపు 800 కిలోలు. దానిని తీసికొని కూరగాయల బజారునకు పోవుటకు వీలులేదు. 1950లో దాని ప్రపంచపు పోటీలు మొదలైనవి. ఇప్పుడు ఏటికి ఇరువదికి పైగా పందెములు పలు ఖండములలో జరుగును. 2011 మొదలు 2013 వరకు మన దేశమునందును, ఢిల్లీ సమీపమున, జరిగినవి. స్టాకుకారు అట్టిది కాదు. స్టాకు అనగా అంగడిలో అమ్మకమునకు నిలువయుంచిన సరకు. మన వీధిలో డాక్టరుగారి యింటిముందు నిలిచియుండు కారువంటి కారే, తలుపులతో, కప్పుతో, పందెములో పరుగిడును. ఇప్పటి దాని బరువు ఫార్ములా కారుకు ఇంచుమించు రెట్టింపు.

"లోకమంతా చూసేది మా పందెం. మీది ఒక్క దేశపు ఆట" అని మావారనిరి. అది నిజమే. ప్రపంచమంతయు లెక్కించినచో ఫార్ములా వన్నుకే చూపరులు ఎక్కువ. అమెరికాలో సైతము ఒక్కనాటి జనసమ్మర్దమును బట్టి చూచినచో 1911 నుండి ఇండియానాపోలిసులో జరుగుచున్న 500 మైళ్ల పందెమునకు సాటిలేదు. మూడులక్షలకు పైగా జనము చేరుదురట. అదియు స్టాకుకార్ల పందెము కాదు. అయినను సంవత్సరము పొడవునను వారమువారము అమెరికా జనము ఇంట కూర్చుండి చూచుటలో, తమవాడు గెలిచెనని టోపీలు కొనుటలో, ఎన్నో యేండ్లు మిగిలిన మోటారు పందెములన్నిటిని మించినది స్టాకుకారే అని తమ్ముని వాదము.

ఇంతలో మా అత్తగారు "కనుమనాడు కాకైనా కదలదంటారు, మీరు మాత్రం వాదాలు చాలించి పక్క పల్లెదాకా పోయి రండి, బండలాగుడు పందేలున్నాయి" అని యిద్దరి నోళ్లును మూయించినది. ఆమె చెప్పిన సామెతకును ఇచ్చిన సలహాకును పొత్తు కుదరలేదు గాని ఆ మాట ఎవరును అనలేదు.

తమ్ముడు అద్దెకు తెచ్చిన కారులో బయలుదేరితిమి. త్రోవకు ఇరుప్రక్కల పత్తిచేలు చివరి తీతలో నున్నవి, మిరపతోటలు ఎఱ్ఱబారుచున్నవి. నాగార్జునసాగరపు కాలువ రాకముందు ఇవి జొన్నచేలని పెద్దలు చెప్పుదురు. దారిలో తమ్ముడు స్టాకుకార్ల పుట్టుక చెప్పసాగెను. 1920 మొదలు 1933 వరకు అమెరికాలో మద్యపాన నిషేధముండెను. దక్షిణపు కొండలలో దొంగచాటుగా సారా కాచి, రాత్రివేళ కార్లలో పట్టణములకు చేర్చెడివారు. పోలీసుల కంటికి ఆ కారు ఊరిలోని అన్ని కార్లవలెనే కనబడవలెను. తరిమినప్పుడు మాత్రము వారికి అందరాదు. కావున పైరూపము మార్చక లోపలి యంత్రమును, సరకు బరువునకు క్రుంగకుండ వెనుకటి స్ప్రింగులను గట్టిచేసికొనిరి. నిషేధము పోయిన తరువాతను ఆ అలవాటు పోలేదు. ఎవరి కారు బలమైనదో తేల్చుకొనుటకు ఆదివారములందు పొలములలో పందెములు వేసికొనిరి.

నాకు వెంటనే నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణుని ఒక్కదినములో విదర్భకు చేర్చవలసిన బాహుకుడు అశ్వశాలలో బలిసిన గుఱ్ఱములను విడిచి, చూపునకు బక్కచిక్కిన వానిని ఏరుకొనెను గదా. రాజు సందేహించెను. తీరా రథము కదలిన పిమ్మట జారిన ఉత్తరీయమును తీసికొందమన్నచో అది అప్పటికే ఆమడదూరము వెనుకబడినది! "నీ సారావాండ్లు బాహుకుని శిష్యులురా" అంటిని. తమ్ముడు నవ్వెను, మావారు మాత్రము నలునికి ఇంత అప్రతిష్ఠ తేవలదనిరి.

1947 డిసెంబరులో బిల్ ఫ్రాన్స్ అనునాతడు ఫ్లోరిడాలోని డేటోనా బీచి పట్టణములో ఒక హోటలునందు పందెగాండ్రను సమావేశపరచెను. 1948లో నాస్కార్ అను సంస్థ ఏర్పడెను. 1949 జూను 19వ తేదీన, తమ్ముడు కాపురముండు ఆ షార్లెట్టులోనే మట్టిబాటపై మొదటి పందెము జరిగెను. అంగడిలో కొన్న కారును కొన్నట్లే తేవలెనని నియమము. జిమ్ రోపర్ అనునతడు కాన్సాసు రాష్ట్రమునుండి వేయిమైళ్లకు పైగా ఏ కారును నడుపుకొనుచు వచ్చెనో ఆ కారుతోనే పందెములో దిగెను! మొదట గమ్యము చేరినవాడు గ్లెన్ డనవే. తీరా పరీక్షింపగా అతని కారు వెనుకటి స్ప్రింగులు సారా మోయు కార్లవలె గట్టిచేయబడియుండెను. అతనిని త్రోసివేసి రోపరును విజేతగా ప్రకటించిరి. ఆ మొదటి పందెములోనే సారా క్రిస్టియన్ అను స్త్రీయు కారు నడిపెను. ఈమె పేరునకును ముందు చెప్పిన పానీయమునకును సంబంధము లేదు.

లూయీ స్మిత్ అను మరియొక యిల్లాలి కథ మనవారు తప్పక వినవలెను. 1947లో మగడు కొన్న క్రొత్త ఫోర్డు కారులో డేటోనాకు పందెము చూచివత్తునని పోయి, చూచుటతో తృప్తిపడక తానే పందెములో చేరి, కారును తలక్రిందులు చేసికొని, బస్సెక్కి యింటికి వచ్చినదట. కారేదని మగడు అడుగగా, త్రోవలో చెడిపోయిన దని చెప్పెనట. ఆయన మాటాడక ఆనాటి పత్రిక ముందు పెట్టెనట. అందు నుజ్జయిన కారు బొమ్మ! తరువాత ఆమె 1949 మొదలు నాస్కార్ పందెములలో పాల్గొని పేరు గాంచెను. మా మరదలు ఈ కథను రెండుమారులు చెప్పించుకొన్నది.

పల్లె చేరునప్పటికి ఎండ యెక్కినది. బండలాగుడు చూడనివారి కొరకు రెండు మాటలు. చదునుచేసిన పొడవాటి బాట. ఒక పెద్ద రాతిబండ. దానికి కట్టిన మోకును ఎడ్లజత కాడికి తగిలింతురు. నిర్ణయించిన నిమిషములలో బాట ఆ కొసకు ఈ కొసకు తిరుగుచు ఏ జత బండను ఎక్కువ దూరము లాగునో అది గెలిచినట్లు. దూరమును అడుగులతో సహా కొలుతురు. ఎడ్లను పండ్లను బట్టి విభజింతురు: పాలపండ్లవి, రెండుపండ్లవి, నాలుగుపండ్లవి, ఆరుపండ్లవి, ఆపైన పెద్దవి. వయస్సు పెరిగినకొలది బండబరువు పెరుగును. వచ్చినవన్నియు ఒంగోలుజాతి గిత్తలే. మూపురము పర్వతము, గంగడోలు తెరచాప, ఒడలు మా ఊరి సున్నమువలె తెలుపు. ఈ జాతిని బ్రెజిలు దేశమువారు కొనిపోయి నెల్లూరు పేరుతో "నెలోరె" యని పిలుచుకొని మందలు మందలుగా పెంచుచున్నారు. చెర్నాకోలల చప్పుడు మాత్రము నా చెవులకు కష్టముగనే తోచినది. మరదలు ఆవైపు చూడనే లేదు.

మా వీధి చివరి యిల్లాలు తన చీరకొంగు నడుమునకు దోపి, బాటప్రక్కన నిలువబడియుండెను. ఆ యెడ్లలో నాలుగుపండ్ల జత వారిది. నన్ను చూచి "పంతులమ్మగారూ, మీరూ వచ్చారా!" అని చేయి పట్టుకొన్నది. ఆ జతకు ఆమె వేకువన లేచి ఉలవలు ఉడికించుట నేను రోజును చూచుచున్నదే. ఉలవలు, పెసలు, ఖర్జూరము, ఎండుకొబ్బరి; పిల్లలకైనను అంత ముద్దుగా పెట్టరు. ఆమె మెడలో నానుతాడు కనబడక ఆరునెలలైనది. అది ఎక్కడనున్నదో నేను అడుగలేదు, ఆమెయే ఒకనాడు చెప్పినది. అన్నిటికంటె వింత యేమనగా ఆ గిత్తలు ఇంతవరకు ఒక్క చాలు దున్ని యెరుగవు. వారి పొలము దున్నునది ట్రాక్టరు. పందెమునకు గిత్తలు వచ్చునది లారీలో.

ఈ మాట తమ్మునితో అనగా అతడు ఆగిపోయెను. "అక్కా, మా కార్లూ అంతే" అనెను. రోపర్ తన కారును నడుపుకొనివచ్చి పందెమాడినాడు. ఇప్పుడు స్టాకుకారు లారీలో వచ్చి లారీలో పోవును. దానికి తెరచు తలుపులు లేవు. ముందరి దీపములు దీపములు కావు, అంటించిన బొమ్మలు. ఇనుపగొట్టముల పంజరముపై అంగడికారు ముఖము తొడిగినట్లు. 2022లో మరల మార్చిన నమూనాలో పైరూపము అంగడికార్లకు కొంత దగ్గరపడినది గాని లోపలి వస్తువులు వేరు. 2007లో జపానుదేశపు టొయోటా ఆ పెద్దపందెములలో ప్రవేశించినప్పుడు మన కార్లతో పరాయికారేమని గొణిగినవారును ఉండిరట.

మఱి అంత ఆదరమెట్లు వచ్చినది? తమ్ముడు చెప్పిన హేతువులు పెక్కు. 1979 ఫిబ్రవరిలో డేటోనా 500 మైళ్ల పందెమును మొదటినుండి చివరివరకు టీవీలో తొలిసారి చూపిరి. ఆనాడు తూర్పుప్రాంతమున మంచుతుపాను వచ్చి జనము ఇండ్లు కదలలేకపోయిరి. కడపటి చుట్టులో ముందున్న యిద్దరు, కేల్ యార్బరో, డానీ అలిసన్, ఒకరినొకరు గ్రుద్దుకొని చెడిరి. వెనుకనున్న రిచర్డ్ పెట్టీ గెలిచెను. ఓడినవారు పచ్చికలో చేతులు కలియబెట్టుకొని కొట్టుకొనిరి. దేశమంతయు చూచినది. పల్నాటివారికి ఇందులో వింత లేదు. కోడిపందెముతో మొదలైన వైరము యుద్ధమైన సీమ యిది. కారెంపూడి వీరుల ఉత్సవములో నేటికిని ఒకదినమునకు కోడిపోరని పేరు. ఇక ఇండియానాపోలిసు తరహా పందెములు నడుపువారు 1996లో రెండుగా చీలి 2008లో గాని కలియలేదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నట్లు చూపరులను పంచుకొని, ఉభయులును చెడిరి. ఆ నడుమ స్టాకుకార్లు పెరిగినవి.

ఫార్ములా వన్ తనంతట తాను చేసికొన్నదియు ఒకటి కలదు. 2005 జూనులో ఇండియానాపోలిసునందే జరిగిన దాని పందెములో, ఒక కంపెనీ టైర్లు ఆ బాటకు క్షేమము కావని తేలుటచే 20 కార్లలో 14 ఆరంభమున కాకముందే తప్పుకొనెను. ఆరు కార్లే పరుగిడెను. టిక్కెట్లు కొన్న జనము కేకలు వేసిరి. కోయంబత్తూరువాడైన నారాయణ్ కార్తికేయన్ ఆనాడు నాలుగవవాడుగా వచ్చెను. ఫార్ములా వన్నులో అంకములు పొందిన మొదటి భారతీయుడతడు. మావారికి ఇది గర్వము. "బావగారూ, ఆ నారాయణే 2010లో మా నాస్కార్ ట్రక్కుల పందెములకు వచ్చాడు. ఆ యేడు చూపరుల ఓట్లతో అందరికంటె ఇష్టుడైన చోదకుడయ్యాడు" అని తమ్ముడు జవాబు చెప్పెను. బావ మారుమాటాడలేదు.

నాకు మా మామగారి మాట గుర్తుకు వచ్చినది. వారు మద్రాసులో చదువుకొను దినములలో షోలవరమునందు యుద్ధకాలపు పాత విమానమైదానముమీద జరుగు పందెములు చూచిరట. ఎన్నియో వింతకార్లు వచ్చెను గాని, వారికి జ్ఞాపకమున్నది మన రోడ్లపై తిరుగు ఫియట్ కారు మలుపులో ఒరిగి, పడక, ముందుకు దూకుట మాత్రమే. "అది మా ప్లీడరుగారి కారే!" అని యిప్పటికిని చెప్పుదురు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరు ఒడ్డున విద్యుత్తుకార్ల పందెము జరిగినది. జనము వచ్చిరి, చూచిరి, ఆశ్చర్యపడిరి. ఫ్రాన్సుదేశపు వెర్న్ గెలిచెను. మరుసటి యేటి పందెము 2024 జనవరిలోనే రద్దయినది. అయ్యో అని కన్నీరు పెట్టినవారిని నేనెరుగను.

చూచినవానికి ఆ వాహనము తనదిగా తోచుటయందే ఈ ఆదరమంతయు నున్నదని నా తలంపు. కాని ఆ పోలిక సన్నగిలినకొలది ఏమగునో? 2005 ప్రాంతము తరువాత స్టాకుకార్లకు చూపరులు తగ్గుచు వచ్చిరనియు, 2019 నుండి వెలువడిన ఒక చిత్రమాలిక వలన ఫార్ములా వన్ అమెరికాలోనే పెరుగుచున్న దనియు తమ్ముడే ఒప్పుకొన్నాడు. మా వీధి యిల్లాలిని నేనొకమారు, దున్నని యెడ్లకు నానుతాడు ఎందుకమ్మా అని అడిగితిని. "ఎడ్లు లేని ఇల్లు రైతు ఇల్లెట్లవుతుంది పంతులమ్మగారూ?" అనినది. నాకు సమాధానము తోచలేదు.

వారి జత వంతు వచ్చినది. ఈలలు, డప్పులు, దుమ్ము. మొదటి మూడు తిరుగుళ్లు గిత్తలు బండను గడ్డిమోపువలె లాగినవి. నాలుగవదానిలో కుడివైపుది మోకాళ్లపై ఒరిగినది. ఆమె నా చేయి పిండివేసినది గాని నోరు తెరవలేదు. లేచినది, లాగినది, కాలము చెల్లినది. కొలిచినవారు చెప్పిరి: రెండవ బహుమతికి పదకొండడుగులు తక్కువ. మూడవ బహుమతి సొమ్ము ఉలవలకు చాలును, నానుతాడునకు చాలదు.

అటుతరువాత ట్రాక్టరు పందెము. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును, గుంజలు పాతిన సందులో, వెనుకకు నడుపవలెను. ముందుకు నడుపుట ఎవరికైనను వచ్చును. ట్రాలీతో వెనుకకు పోవునప్పుడు కుడికి త్రిప్పిన ఎడమకు పోవును. ఆమె కొడుకు, ఇరువదేండ్లవాడు, తమ యింటి ట్రాక్టరుతోనే దిగెను. టైర్లకు పొలపు మట్టి అట్లే యున్నది. అంతవరకు చెట్లనీడన కూర్చుండిన ఆడవారందరును లేచి బాటప్రక్కకు వచ్చిరి. ఆ ట్రాలీలో మిరపకోతకు పోయినవారు, పెండ్లికి పోయినవారు, పురిటికి పోయినవారు వారు. "అబ్బాయ్, ఎడమకి! ఎడమకిరా! మా పెళ్లి ట్రాలీరా అది!" అని ఒక ముసలమ్మ కేకవేసినది. మైదానమంతయు నవ్వినది. వాడు చివరి గుంజను తాకించుకొని నాలుగవవాడయ్యెను. అయినను వానిని భుజాలపై నెత్తిరి.

"ఇదే అక్కా, 1949!" అని తమ్ముడు నా చెవిలో అరచెను.

తిరిగివచ్చునప్పుడు అద్దెకారు టైరు ముల్లు గ్రుచ్చుకొని కూలబడినది. తమ్ముడును మావారును దానికడ నిలిచిరి. నేనును మరదలును పదిమంది ఆడవారితో ఆ ట్రాలీలోనే ఎక్కితిమి. ఇంటియామె మా ప్రక్కన గోనెసంచిమీద కూర్చున్నది. ప్రొద్దు క్రుంకినది. వెనుకనుండి లారీ యొకటి హారను మ్రోగించుచు మమ్ము దాటిపోయినది. అందులో ఆమె గిత్తలు, మెడగంటలు గల్లుగల్లున, మావైపు చూచుచు నిలువబడియుండెను. ఆమె లేచి చేయి ఊపినది. మరల కూర్చుండి, వ్రేళ్లపై ఏదో లెక్కపెట్టుకొనుచు, "పదకొండడుగులు" అనినది. ఊరు చేరువరకు మఱేమియు మాటాడలేదు.